చెరిపించి చేయించిన నగలు

మా వైపు కొత్త నగ అంటూ ఉండేది కాదు. ఏ నగ చూసినా అంతకు ముందు ఇంకేదో అయి ఉండేదే. మా పెద్దమ్మ మెళ్ళో గుండ్లపేరు ఒకప్పుడు వాళ్ళ అత్తగారి దండకడియం. అమ్మ చెవుల జుంకీలు వాళ్ళ మేనత్త అడ్డబాసా, పుట్టింటివాళ్ళు పెట్టిన ఒక విక్టోరియా కాసూ కలిపి కరిగించి చేసినవి. నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల ఊళ్ళల్లో, అటు విస్సన్నపేట నుంచి ఇటు ఆగిరిపల్లి, ముసునూరుల దాకా ఇదే పద్ధతి. నగ కావాల్సి వస్తే ఎవరూ బజారుకి వెళ్ళేవాళ్ళు కాదు, ఇంట్లో భోషాణం తెరిచేవాళ్ళు. "పాతవి చెరిపించి చేయిద్దాం" అని ఆడవాళ్ళు అనుకున్నారంటే ఆ ఇంట పెళ్ళి ఖాయమైనట్టే.

ఇప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో ఉంది. నేను చెప్పే 1970ల రోజుల్లో అది కృష్ణా జిల్లా. తోట డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొచ్చేది. పూత మీదే బేరగాళ్ళకి గుత్తకిచ్చేసేవాళ్ళు కొందరు, ధైర్యం ఉండి కాయ తామే దింపించుకునేవాళ్ళు కొందరు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ గడ్డి పరిచిన బళ్ళకెక్కి వెళ్ళిపోయాక లెక్కలు తేలేవి. ముందు కొట్టు బాకీ, తర్వాత ఎరువుల బాకీ, కూలీలవి. అన్నీ పోను మిగిలితే కాసో అరకాసో బంగారం. ఆ కొత్త అరకాసు కూడా విడిగా నగ అయ్యేది కాదు, పాతదాంట్లో కలిసేది. కాయ దిగే ముందు గాలివాన వచ్చిందా, ఆ ఏడు బంగారం మాటే ఉండదు. తోట కింద రాలిన కాయని చూసి మగవాళ్ళు అప్పు గురించి ఆలోచిస్తే, ఆడపిల్ల ఉన్న తల్లి మాత్రం చెయ్యాల్సిన నగ గురించి ఆలోచించేది. పైకి అనేది కాదు, అంతే.

పెళ్ళి కుదిరాక కబురు వెళ్ళేది ఆచారి గారికి. మా ఊరికి ఒకే కుంపటి. ఆయన వాళ్ళింట్లో పని చేసుకోవచ్చు, కానీ పెద్ద నగ అయితే మా అరుగు మీదికే వచ్చి కూచునేవాడు. ఇంటావిడ కళ్ళముందు కరగాలి, కళ్ళముందు కావాలి. అది ఇద్దరికీ మంచిది. తెల్లారగట్లే పెట్టె దింపి ఒక్కో పనిముట్టూ గోనెపట్టా మీద పరిచేవాడు. ఇనప కుంపటి, ఊదుగొట్టం, దాగలి, నాలుగైదు రకాల సుత్తులు, పటకార్లు, ఆకురాయి, కమ్మచ్చు, గీటురాయి. చిన్న కొయ్య డబ్బాలో త్రాసు, దాంతోపాటు గురిగింజలు. ఆ ఎర్రగింజ బరువు గ్రాములో ఎనిమిదో వంతుకి కాస్త తక్కువ. తొంభై ఆరు గింజలు వేస్తే దాదాపు తులం తూగుతాయి. మెట్రిక్ తూకాలు వచ్చి చాలా కాలమైనా ఆయన చేతికి గింజే అలవాటు.

బంగారం కరగడం చూడాలని పిల్లలం అరుగు చుట్టూ చేరేవాళ్ళం. మూసలో పాత నగ ముక్కలు వేసి, మీద చిటికెడు వెలిగారం చల్లి, బుగ్గలు నింపి ఊదుతుంటే బొగ్గులు ముందు ఎర్రబడి తర్వాత పసుప్పచ్చగా అయ్యేవి. ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి, అంచులు మెత్తబడి, ఉన్నట్టుండి అన్నీ కలిసి ఒక చుక్క అయిపోయేవి. ఆ క్షణాన మా అమ్మమ్మ ఎప్పుడూ కళ్ళు తిప్పుకునేది. చేయి తిరిగిన ఆచారి అప్పుడు ఎవరితోనూ మాట్లాడడు. నూనె రాసిన అచ్చులో కడ్డీ పోసి, చల్లార్చి, దాగలి మీద సాగగొట్టి, గట్టిపడితే మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగి తీగ చేసేవాడు. రేకైతే కంచు అచ్చు మీద పెట్టి అద్ది, రెండు సగాలు టంకం పెట్టి అతికి, లోపల లక్క నింపేవాడు. చివర కుంకుడు రసంలో తోమి మెరుగు పెట్టేవాడు. వెండి సామానుకైతే మామిడి ఒరుగు నానేసిన నీళ్ళు, మా ఊళ్ళో చింతపండు కంటే అవే చవక.

ఒక పని నాకు బాగా గుర్తు. మా అక్కకి మామిడి పిందెల హారం చేస్తున్నాడు. కాసులపేరులోంచి తీసిన కాసులు కరిగాయి, రేకు సిద్ధమయింది, పిందె అచ్చు దగ్గరే ఉంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి చెట్టు కింద రాలిన పిందె ఒకటి తెచ్చుకుని మోకాలి పక్కన పెట్టుకున్నాడు.

"ఏమయ్యా ఆచారీ, అచ్చు ఉండగా పిందెతో ఏం పని?" అంది అమ్మమ్మ.

"అచ్చు మా నాయన కాలం నాటిది తల్లీ. అది ఏ చెట్టు కాయో నాకు తెలవదు. ఇది మీ చెట్టుది."

అచ్చులో అద్దిన పిందెలన్నీ ఒక్కలాగే వచ్చాయి. తర్వాత ఒక్కోదాన్నీ లక్క మీద అంటించి, సన్నటి ఉలితో చివర కొద్దిగా వంచాడు, మా చెట్టు కాయ ముక్కు తిరిగి ఉండే వైపు. పాత నగలోంచి ఊడదీసిన కెంపులు కాగితం పొట్లంలోంచి తీసి పొదిగాడు. ఒకటి తక్కువయింది. బెజవాడ పంపించి తెప్పించే తీరిక లేదు. అక్క పగిలిన ఎర్రగాజు ముక్క ఒకటి అడిగి తీసుకుని, రాతి మీద నీళ్ళు పోస్తూ పూటంతా అరగదీసి, వెనక తళుకు రేకు పెట్టి కూర్చాడు. ఆ హారం ఇప్పటికీ ఉంది. ఏది కెంపో ఏది గాజో మా ఇంట్లో వాళ్ళమే పట్టిపట్టి చూసి చెప్పాలి.

వెండికి మాకు గని రూపాయి నాణెం. విక్టోరియా రాణి బొమ్మవీ, ఏడో ఎడ్వర్డువీ, ఐదో జార్జివీ పాత రూపాయలు తులం బరువు, నూటికి తొంభై ఒకటిన్నర పాళ్ళకి పైనే వెండి. 1940 నుంచి యుద్ధం రోజుల్లో ఆ పాలు సగానికి దిగింది, 1947 రూపాయిలో వెండే లేదు, అంతా నికెల్. అందుకే ఆచారి గారు రూపాయి చేతికి రాగానే బొమ్మ చూసేవాడు. ఆరో జార్జి యుద్ధకాలపు రూపాయలు పక్కకి నెట్టేసేవాడు, కడియాలకి పనికిరావని. పది పాత రూపాయలు కరిగిస్తే పది తులాలు. మా నాయనమ్మ కాళ్ళ కడియాలు అలా వచ్చినవే.

చెల్లకుండా పోయిన డబ్బు నగ కావడం మా కళ్ళముందు జరిగిన సంగతి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. కొన్నేళ్ళకి అణాలు, బేడలు మారకం నుంచి తప్పుకున్నాయి. ఇంట్లో మిగిలినవి మిగిలాయి. అణా బిళ్ళ అంచు పువ్వు రేకుల్లా ఒంపులు తిరిగి ఉండేది, బేడ నలుపలకగా ఉండేది. ఎ.కొండూరు తండాల నుంచి కాయకోతకి వచ్చే లంబాడీ ఆడవాళ్ళు వాటి కోసం అడిగేవాళ్ళు. చిత్తుకాగితంతో సమానమైన బిళ్ళలు, ఇచ్చేసేవాళ్ళం. వాళ్ళు సాయంత్రం కూలి ముట్టాక ఆచారి గారి దగ్గరికి వెళ్ళి ఒక్కో బిళ్ళకీ కొక్కెం అతికించుకునేవాళ్ళు. మరుసటి ఏడు అదే అణా రవికె మీద, అద్దాల మధ్య, గవ్వల పక్కన కనిపించేది. రాజు బొమ్మ లోపలి వైపు తిప్పి అంచు ఒంపులు కనపడేలా కుట్టేవాళ్ళు. డబ్బులో అందం ఎక్కడుందో ఎంచుకునే ఆ చూపు మా ఇళ్ళల్లో లేదు. నగల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం బంగారం దగ్గరే ఆగిపోతాం గానీ, దొరికిన వస్తువుతో ఒళ్ళంతా అలంకరించుకునే విద్యలో వాళ్ళని మించినవాళ్ళని నేను చూడలేదు.

చిల్లుకాణీ సంగతి వేరు. యుద్ధంలో లోహం కరువై 1943 నుంచి 1947 దాకా కొట్టిన కంచు కాణీకి నడుమ పెద్ద బెజ్జం. దారం ఎక్కించడానికే చేసినట్టుండేది. మగపిల్లల మొలతాళ్ళకి కట్టడానికి దాన్ని మించింది లేదు. కాణీ చెల్లడం మానేసిన చాలా ఏళ్ళకి కూడా పిల్లల నడుముల మీద కనపడేది.

ఇక పిల్లల నగలు. వీటి గురించి ఎవరూ రాయరు, కానీ చేతులకి పని నేర్పింది ఇవే. తోటల చుట్టూ వేసిన కంచెల్లో నల్లతుమ్మ ఉండేది. దాని కాయ పూస పూసకీ నొక్కినట్టు ఉంటుంది. ఎండిన కాయల్ని కాళ్ళకి చుట్టుకుంటే పట్టీలు, నడిస్తే లోపలి గింజలు చప్పుడు చేస్తాయి. గడ్డిపువ్వు ముక్కుపుడక. తాటాకు చీలిక మడిస్తే ఉంగరం. కంచె మీద అల్లుకున్న తీగకి గురిగింజలు. ఎండితే అవి సూదికి లొంగవు, కాయ పగలక ముందే కుట్టుకోవాలి. పెద్దవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. "నోట్లో పెట్టావా, చచ్చిపోతావ్" అని కోప్పడేవాళ్ళు. వాళ్ళ మాట నిజమే, ఆ గింజ పైపొట్టు పగిలితే లోపల ఉన్నది ఏబ్రిన్ అనే ఘోరమైన విషం. ఆ దండలు మళ్ళీ గుచ్చమని ఎవరికీ చెప్పను.

గాజుల గొలుసు మాత్రం చెప్పాలి. మలారం భుజాన వేసుకుని గాజులాయన వచ్చి వెళ్ళాక ప్రతి ఇంటి ముందూ పగిలిన ముక్కలు మిగిలేవి. ఆకుపచ్చ, ఎరుపు, తేనెరంగు. రంగులవారీగా ఏరి డబ్బాలో దాచేవాళ్ళం. రాత్రి బుడ్డిదీపం ముందు కూచుని, ముక్క రెండు కొసలూ తడిగుడ్డతో పట్టుకుని నడిమి భాగాన్ని మంట అంచున పెట్టాలి. మంట నడుమ పెడితే మసి పడుతుంది, వేడి చాలదు. కాసేపటికి గాజు వేళ్ళకి తెలుస్తుంది, ఇందాకటి బిరుసు తగ్గుతుంది. అప్పుడు తొందరపడకుండా వంచితే కొసలు కలుస్తాయి. రెండో ముక్కని వంచేటప్పుడు మొదటి దాంట్లోంచి దూర్చి వంచాలి. అలా ఒక్కో కొక్కెం కలుపుకుంటూ పోతే గొలుసు. వంచిన ముక్కని వెంటనే గచ్చు మీద పెడితే టప్పున చిట్లుతుంది. మా అమ్మమ్మ పక్కన గోరువెచ్చటి బూడిద గిన్నె పెట్టించేది. అందులో కప్పెడితే మెల్లగా చల్లారి నిలిచేది. ఈ కిటుకు ఆవిడకి ఎవరు చెప్పారో గానీ, గాజు పరిశ్రమల్లోనూ సరుకుని ఇలాగే నెమ్మదిగా చల్లారుస్తారు. గొలుసు పొడవైతే గుమ్మానికి తోరణం, పొట్టిదైతే బొమ్మల కొలువులో బొమ్మ మెడకి.

తోటల్లోకి కరెంటు మోటార్లు వచ్చాక మగపిల్లలకీ ఒక గని దొరికింది. వోల్టేజి చాలక మోటారు కాలిపోవడం వేసవిలో మామూలే. వైండింగు చేసే మెకానిక్కు కాలిన తీగ తూకానికి దాచుకున్నా కింద తునకలు రాలేవి. వాటిని మేకు చుట్టూ చుట్టి, మూడు పేటలుగా పేని ఉంగరాలు చేసేవాళ్ళు. రెండు రోజుల్లో వేలు ఆకుపచ్చగా అయ్యేది. పుల్లమామిడి ముక్కతో రుద్దితే రాగి తళతళా మెరిసేది. వాళ్ళల్లో ఒకడు ఆచారి గారి దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. ఆయన కులం చూడలేదు, తీగ పేనిన చెయ్యి చూశాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

పూసలవాళ్ళ సంగతి ఒక్క మాట. బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి పిన్నీసులు, సూదులు, నల్లపూసలు, పగడాల రంగు గాజుపూసలు ఇచ్చేవాళ్ళు. డబ్బు అడిగేవాళ్ళు కాదు, చిక్కుజుట్టు ఉండ అడిగేవాళ్ళు. దువ్వెనలో వచ్చిన జుట్టు పూరి చూరులో దోపుకుని దాచేది అందుకే.

ఆచారి గారు తన కష్టం గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. 1963 గురించి మాత్రం చెప్పేవాడు. చైనా యుద్ధం తర్వాత ఆ ఏడు జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా, బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకి మించిన బంగారంతో నగ చేయకూడదన్నారు. మన చేతి పనికి 22 క్యారెట్ల మెత్తదనం కావాలి, 14 క్యారెట్ల రేకు సుత్తికి సరిగ్గా సాగదు, చిట్లుతుంది. కొనేవాళ్ళకీ అది బంగారంలా అనిపించలేదు. దేశమంతటా కంసాలి కుంపట్లు ఆరిపోయాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. ఆయన రెండు కాపులు మామిడితోటల్లో కాయ మోశాడు. "సుత్తి పట్టే చెయ్యి, చిక్కం పట్టింది" అనేవాడు, అంతకు మించి ఒక్క మాట కలిపేవాడు కాదు. 1966లో 14 క్యారెట్ల పట్టు సడలింది. 1968లో చట్టమే వచ్చి లైసెన్సులు, రిజిస్టర్లు మిగిలాయి. 1990 మేలో తుపాను మా తోటల్లో కాయని నేల రాల్చింది. నగలు తాకట్టుకి వెళ్ళిన ఏడది. సరిగ్గా మరుసటి నెల జూన్‌లో బంగారం నియంత్రణ చట్టం రద్దయింది. కంసాలికి స్వేచ్ఛ వచ్చేనాటికి చేయించుకునేవాళ్ళ చేతిలో డబ్బు లేదు. డబ్బు వచ్చేనాటికి రెడీమేడ్ నగల దుకాణాలు వచ్చేశాయి.

కంసాలి కన్నతల్లి బంగారంలోనైనా కాస్త తీస్తాడని మన ఊళ్ళల్లో ఒక సామెత ఉంది. దాన్ని నవ్వులాటగా వాడినా నాకు బాధగానే ఉంటుంది. అతుకు ఉన్న చోటల్లా టంకం ఉంటుంది. టంకం అంటే రాగీ వెండీ కలిసిన తక్కువ మేలిమి బంగారం, అది ముందు కరిగితేనే అతుకు పడుతుంది. ఒకే బంగారాన్ని అమ్మమ్మ ఒకసారి, అమ్మ ఒకసారి, కూతురు ఒకసారి చెరిపిస్తే చెరిపినప్పుడల్లా ఆ టంకం లోపల కలిసిపోయి మేలిమి దిగుతుంది. మూడు తరాల అతుకుల లెక్క చివరి కంసాలి మీద పడింది. మోసం చేసినవాళ్ళు ఏ వృత్తిలోనైనా ఉన్నారు, ఒక కులాన్నంతా సామెతలో కట్టేయడం అన్యాయం.

ఆచారి గారి పిల్లలు ఆ పని చెయ్యలేదు. ఒకరు బందరు వెళ్ళారు. అక్కడి చిలకలపూడి రోల్డుగోల్డుకి పేరు పాతదే, రాగి మీద పల్చటి బంగారు రేకు పట్టించే విద్య అది. ఇప్పుడు పోతేపల్లిలో ఇమిటేషన్ నగలకి పార్కే ఉంది. ఇంకొకరు బెజవాడ వన్‌టౌన్‌లో కొట్టువాళ్ళకి ముక్కపని చేసి, చూపు మందగించి మానేశారు. దుకాణాల ముందు దుమ్ము ఊడ్చి, కడిగి, అందులో బంగారపు రజను ఏరుకునే జలగడుగువాళ్ళని నేను మొదటిసారి చూసింది అక్కడే. మా ఊళ్ళో ఆ పని ఆచారి గారింటి ఆడవాళ్ళు చేసేవాళ్ళు. మా అరుగు ఊడ్చిన మట్టి కూడా మూటగట్టి ఇచ్చేది అమ్మమ్మ.

2021 జూన్ 16 నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. మంచిదే. కొనేవాళ్ళకి అది రక్షణ. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం, అంటే 22 క్యారెట్లు. విక్టోరియా కాసు మేలిమీ సరిగ్గా అంతే. నాకున్న బాధ ముద్ర గురించి కాదు. ఇవాళ పాత నగ కొట్లో ఇస్తే మిషను మేలిమి చూపిస్తుంది, తూకం తేలుతుంది, దానికి బదులు బీరువాలోంచి ఇంకెవరి బంగారమో నగై వస్తుంది. మనం ఇచ్చింది ఎక్కడో కడ్డీలో కలుస్తుంది. అమ్మమ్మ కాసు మనవరాలి పిందె అయ్యే దారి అక్కడ తెగిపోతుంది. మా అక్క హారాన్ని కొట్టువాళ్ళు చూసి గాజు రాయి ఒకటి ఉందని తరుగు చెప్పారు. అక్క మారు మాట్లాడకుండా తెచ్చి మళ్ళీ లోపల పెట్టుకుంది.

మీ ఇంట్లో పాత నగ ఉంటే ఎక్స్ఛేంజికి ఇచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. అది ఎవరిది, ఏం చెరిపి చేయించారు, ఎవరి చేతి పని, ఏ పెళ్ళికి చేశారు. ఒక కాగితం మీద రాసి నగ పెట్టెలో ఉంచండి, ఒక ఫొటో తీసుకోండి. నూజివీడులోనో మీ ఊళ్ళోనో ఇంకా కుంపటి ముట్టించే ఆచారి ఉంటే, ఊడిన రాయి పొదగడానికైనా, తెగిన కొక్కెం అతకడానికైనా ముందు ఆయన దగ్గరికే వెళ్ళండి. మజూరీ బేరమాడకండి.